అత్తమ్మ కట్టిన కంప్యూటర్

సిద్దిపేట,
20 జూన్ 1997

చిరంజీవి కన్యకకు,

మేనత్త రాధాబాయి ఆశీస్సులు. మీ బాపు, అమ్మ బాగున్నారని తలుస్తాను. ఇక్కడ తొలి వానలు పడ్డాయి. ప్రెస్సు కప్పు ఈసారి కూడా అదే మూల కురిసింది. కాగితం రీములు ఇవతలికి జరిపించాను.

మొన్న మా మరిది రాధాకిషన్ వచ్చి కూర్చున్నాడు. పక్కనున్న తన బట్టల దుకాణం ఇరుకైందట. "వదినా, నడుమ గోడ తీసేస్తే నాకు జాగ అయితది. ప్రెస్సుల ఇగ పనేముంది? పెండ్లి కార్డులు సుత అందరు హైదరాబాద్‌లనే కొట్టిచ్చుకుంటున్రు. నీకు నెలనెల కిరాయి ఇస్త, ఇంట్ల నిమ్మళంగ కూసో" అన్నాడు. చెడ్డ మాట కాదు. మీ మామ పోయిన తర్వాత నన్ను ఒక్కనాడు చిన్నచూపు చూసినవాడు కాదు రాధాకిషన్. కానీ ఇంట్లో నిమ్మళంగా కూర్చోవడం నాకు రాదని అతనికి ఎట్లా చెప్పాలి? దసరా దాకా ఆగమన్నాను.

ఆగమనడానికి ఒక కారణం ఉంది. మన పట్నంలోని, చుట్టుపక్కల ఊళ్లలోని ప్రైవేటు బడులన్నీ కలిసి ఒకే రకం పరీక్ష పేపర్లు పెడుతున్నాయి. పోయినేడు వేరే ఊళ్లో కొట్టిస్తే ఒక పేపరు ముందే బయటికి పొక్కింది. ఈసారి అర్ధసంవత్సర పరీక్షలకు ఇక్కడే కొట్టించాలని వాళ్ల సంఘం కార్యదర్శి రాంచందర్ సారు తిరుగుతున్నారు. అన్ని తరగతుల పేపర్లకూ సీసం అక్షరాలు పేర్చాలంటే నాకూ మా కంపోజిటర్ ఉప్పలయ్యకూ కలిసి ఉగాది దాకా పడుతుంది. "కంప్యూటర్ ఉంటె చెప్పున్రి రాధాబాయమ్మా, మీకే ఇస్త. లేకుంటె నేనేం చేస్త" అన్నారు ఆయన.

తయారు కంప్యూటర్ ధర హైదరాబాద్‌లో అడిగించాను. మనకు అందేది కాదు. సామాన్లు విడిగా తెచ్చి ఇంట్లో కట్టుకుంటే చాలా చౌక అని ఎవరో అన్నారు. నిజమేనా? నువ్వు కంప్యూటర్ సామాన్ల షాపులోనే పని చేస్తున్నావు కాబట్టి అడుగుతున్నాను. ట్రెడిల్ అచ్చు మిషన్ చెడిపోతే నేనే విప్పి బిగించేదాన్ని. పదో తరగతి దాకా నా దగ్గరే పెరిగావు, చూసినదానివే. ఇది అంతకన్నా కష్టమా?

ఎస్టీడీ బూత్‌లో నాకు సగం మాటలు వినపడవు. ఫోన్లో బొమ్మ గీసి చూపడానికి కూడా రాదు. ఉత్తరమే రాయి.

నీ మేనత్త
రాధాబాయి


బొంబాయి,
4 జూలై 1997

అత్తమ్మకు కన్యక నమస్కారాలు.

నీ ఉత్తరం షాపులో కూర్చునే చదివాను. రెండోసారి చదువుతుంటే సేఠ్ వచ్చాడు, బిల్లుల కింద దాచేశాను. మా షాపున్న ల్యామింగ్టన్ రోడ్డులో ఈ చివర నుంచి ఆ చివర దాకా ఇదే సరుకు. మా బెంచీ మీద రోజూ కడుతూనే ఉంటారు. పొద్దున అట్టపెట్టెల్లో వచ్చిన సామాను సాయంత్రానికి కంప్యూటరై ఆటో ఎక్కుతుంది.

కష్టమేమీ కాదు అత్తమ్మా. ట్రెడిల్ కన్నా తేలిక. ఒక తగరపు పెట్టె ఉంటుంది, దాన్ని క్యాబినెట్ అంటారు. అందులో కరెంటు ఇచ్చే డబ్బా, అన్నిటినీ కలిపే పెద్ద బోర్డు, రాసింది దాచుకునే హార్డ్‌డిస్క్, ఫ్లాపీ పెట్టే డ్రైవు ఉంటాయి. బయట తెర, కీబోర్డు. అంతే. ఏ తీగ ఎక్కడ పెట్టాలో తెలిస్తే చాలు, తప్పుగా పెట్టేందుకు వీలుండదు. పేపర్లకు పెద్ద ప్రింటరు అక్కర్లేదు, డాట్ మ్యాట్రిక్స్ అనే చిన్నది కలిపి పంపుతాను. డాట్ మ్యాట్రిక్స్‌తో మైనం కాగితం మీద స్టెన్సిల్ కొట్టి, మన సైక్లోస్టైల్ మిషన్ మీద తిప్పి ఎన్ని కాపీలైనా తీసుకోవచ్చు.

తెలుగు అక్షరాలు హార్డ్‌డిస్కులో ఇక్కడే ఎక్కించి పంపుతాను. ఏ మీట కొడితే ఏ అక్షరం వస్తుందో చార్టు కూడా పెడతాను.

బాపుకు ఇప్పుడే చెప్పకు. "మా అక్కను ఎందుకు ఆగం చేస్తున్నవ్" అంటాడు. రాధాకిషన్ మామ శ్రావణం సరుకు కొనడానికి బొంబాయి వస్తాడు కదా, అతనితోనే పంపేదా? ప్రెస్సు సామాను అని చెబుదాం. అబద్ధం కూడా కాదు.

నీ
కన్యక


సిద్దిపేట,
10 ఆగస్టు 1997

కన్యకా,

సామాను క్షేమంగా చేరింది. రాధాకిషన్ ఆ తెర డబ్బాను రైల్లో ఒళ్లో పెట్టుకొని వచ్చాడట. సికింద్రాబాద్ నుంచి బస్సులో దానికో సీటు కూడా తీసుకున్నాడట. ప్రెస్సులో దించి, అట్ట చింపి చూసి, "వదినా, ప్రెస్సు సామానంటివి. గిది టీవీ గదా. అంటెన్న ఏది?" అన్నాడు.

చెప్పేశాను. "నాతోనే మోయించినవా" అని నవ్వాడు. పోతూ పోతూ మాత్రం, "దసరా అంటే దసరనే వదినా. మేస్త్రికి చెప్పి పెట్టిన" అన్నాడు.

అక్షరాలు పేర్చే బల్ల ఖాళీ చేసి, దుప్పటి పరిచి, అన్నీ వరసగా పెట్టాను. ఉప్పలయ్య ఆ పచ్చ బోర్డును వెలుతురుకు పట్టి అటూ ఇటూ తిప్పాడు. అతని కంటి మీద పొర ఈమధ్య ముదిరింది. "గిండ్ల అక్షరాలేడుంటయమ్మా?" అన్నాడు. లోపల ఉంటాయట అన్నాను. "లోపలంటే ఏడ?" అన్నాడు. బోర్డు మెల్లగా కింద పెట్టి తన అక్షరాల పెట్టెల దగ్గరికి పోయాడు. అప్పటి నుంచి సరిగా మాట్లాడటం లేదు. మీ మామ ప్రెస్సు తెరిచిన నాటి నుంచి ఉన్న మనిషి. నేను తనను పంపించేస్తానని అనుకుంటున్నాడేమో.

కట్టడం ఎట్లాగో వివరంగా రాయి. నేను చదివేసి వదిలేదాన్ని కాదు. నువ్వు రాసినట్టే, వరస తప్పకుండా చేస్తాను.

రాధాబాయి


బొంబాయి,
22 ఆగస్టు 1997

అత్తమ్మా,

జాగ్రత్తగా చదువు. బొమ్మలు వెనక కాగితం మీద గీశాను.

కట్టే రోజు నూలు చీర కట్టుకో. పట్టు, నైలాన్ వద్దు. వాటితో ఒంట్లో పుట్టే కరెంటు మనకు తెలియదు గాని ఈ బోర్డులకు తెలుస్తుంది. బోర్డు ముట్టుకునే ముందు ప్రతిసారీ ఏదైనా పెద్ద ఇనుప వస్తువును ముట్టుకో. ట్రెడిల్ పక్కనే ఉంది కదా.

పెద్ద బోర్డు మీద ప్రాసెసర్, దాని ఫ్యాను ఇక్కడే బిగించారు. స్విచ్చి తీగలు కూడా ఇక్కడే కలిపి టేపు చుట్టించాను. వాటిలో గోడ కరెంటే పారుతుంది, వాటిని మాత్రం ముట్టుకోకు. పని అయ్యేదాకా ప్లగ్గు గోడకు పెట్టకు.

సంచీలో చిన్న ఇత్తడి గుబ్బలు ఉన్నాయి. బోర్డు తగరానికి తగలకుండా ఉండటానికి అవి. వాటన్నిటినీ పెట్టెలోని రేకుకు బిగించి, వాటి మీద బోర్డు పెట్టి మరలు వేయి. కరెంటు డబ్బా నుంచి రెండు తెల్ల కొసలు వస్తాయి, బోర్డుకు పక్కపక్కనే దిగుతాయి. రెంటిలోనూ నల్ల తీగలు ఉంటాయి. నలుపు పక్కన నలుపు రావాలి. తారుమారైతే బోర్డు కాలిపోతుంది. తప్పుగా పెట్టేందుకు వీలుండదని రాశాను గాని, ఈ ఒక్కచోట ఉంటుంది. కరెంటు ఇచ్చే ముందు ఉప్పలయ్య తాతకు కూడా చూపించు.

మెమరీ అనే జ్ఞాపకశక్తి పలకలు రెండు, వాటిని వాలుగా దింపి నిలబెట్టాలి. టిక్కుమనాలి. వెడల్పు తీగలకు ఒక అంచున ఎర్ర గీత ఉంటుంది. బోర్డు మీద ఒకటి అని అంకె ఉన్న వైపుకు ఆ గీత రావాలి.

తర్వాత మీట నొక్కు. ఫ్యాను తిరుగుతుంది, ఒకసారి కూస్తుంది, తెర మీద అక్షరాలు వస్తాయి. ఆ కూత వినబడగానే నాకు రాయి.

కన్యక


సిద్దిపేట,
14 సెప్టెంబరు 1997

కన్యకా,

కూత వినబడలేదు.

నువ్వు రాసినట్టే చేశాను. నూలు చీర కట్టుకున్నాను, ట్రెడిల్‌ను ముట్టుకుంటూ పని చేశాను. గుబ్బలన్నీ బిగించాను, ఒక్కటి కూడా మిగల్చలేదు. నలుపు పక్కన నలుపు పెట్టాను. అలిగిన ఉప్పలయ్య కూడా వంగి చూసి "నలుపే, నలుపే" అన్నాడు. ప్లగ్గు పెట్టి మీట నొక్కాను. ఫ్యాను ఇంత కదిలి ఆగిపోయింది. మళ్లీ నొక్కితే అదే. తెర నల్లగా ఉండిపోయింది. కాలిన వాసన మాత్రం లేదు.

అన్నీ విప్పి మళ్లీ మొదటి నుంచి కట్టాను. మళ్లీ అంతే. రాధాకిషన్ వచ్చి చూసి, కూర్చొని చెమట తుడుచుకుంటున్న నాకు తన దుకాణం నుంచి సోడా తెప్పించాడు. "గింత కష్టమెందుకు వదినా" అన్నాడు. అతను వెక్కిరిస్తే బాగుండేది. ఆ మెత్తని మాటకే నాకు ఏడుపొచ్చింది.

రాంచందర్ సారు దీపావళి తర్వాత సంఘం వాళ్లను వెంటబెట్టుకొని వస్తామన్నారు. కళ్లముందు ఒక పేపరు చేసి చూపాలట. మా మేనకోడలు బొంబాయిలో పెద్ద ఇంజినీరు, అన్నీ ఆమె చూసుకుంటుంది అని ఆయనకు చెప్పాను.

నీకు రాయనిది ఒకటి ఉంది. ఈ సామాన్ల కోసం పెద్ద ట్రెడిల్ అమ్మేశాను. చేర్యాలలో ఎవరో కొనుక్కుపోయారు. ఇప్పుడున్నది చిన్నది ఒక్కటే. నువ్వు బాధపడతావని దాచాను.

కన్యకా, నీ చేత్తో కట్టినప్పుడు ఎప్పుడైనా ఇట్లా అయ్యిందా? అప్పుడు నువ్వేం చేశావు?

రాధాబాయి


బొంబాయి,
6 అక్టోబరు 1997

అత్తమ్మా,

ఇన్నాళ్లు రాయనందుకు కోప్పడు. నీ చివరి రెండు ప్రశ్నలకు జవాబు లేక రాయలేదు.

నా చేత్తో నేను ఒక్క కంప్యూటర్ కూడా కట్టలేదు. షాపులో నా కుర్చీ బిల్లుల దగ్గర. ఫోను ఎత్తడం, బిల్లు రాయడం నా పని. బెంచీ నాకు ఎదురుగా ఉంటుంది. అక్కడ కూర్చునేవాళ్లంతా మగవాళ్లు. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేశానని, నాకూ అక్కడ చోటిమ్మని రెండుసార్లు అడిగాను. "నీ అక్షరం బాగుంటుంది, బిల్లులు నువ్వే రాయి" అన్నాడు సేఠ్. నీకు రాసినదంతా ఎదురుగా కూర్చొని చూసింది, అడిగి తెలుసుకుంది. నువ్వు అడిగినప్పుడు ఆ మాట చెప్పి ఉంటే నువ్వు సాహసించవనుకున్నాను. అంతకన్నా నిజమేమిటంటే, ఒక్కరైనా నన్ను చేతనైనదాన్ని అనుకుంటున్నారని నాకు సంతోషమైంది.

ట్రెడిల్ సంగతి చదివిన రోజు కుదురుగా ఉండలేకపోయాను. మర్నాడు బెంచీ మీద పని చేసే ఇశ్రాయేలును అడిగాను. అతనిది మన నర్సాపూర్ వైపే, నాతో తెలుగు మాట్లాడతాడు. "నాకు విరిగిన పెట్టె ఒకటి, పాత బోర్డు ఒకటి ఇప్పించు" అన్నాను. "దేనికమ్మా, పనికిరానియి గవ్వి" అన్నాడు. చెప్పాను. అతను చిల్లర సామాన్ల కుప్పలో వెతికి, బతికున్న పాత బోర్డు ఒకటి తీసిచ్చాడు. "తప్పేడుందో నేను జెప్ప. నువ్వే పట్టుకో" అన్నాడు.

షాపు తెరవకముందే పోయి, నీకు రాసిన ఉత్తరంలో ఉన్నట్టే, మాట పొల్లుపోకుండా కట్టాను. మీట నొక్కాను. ఫ్యాను ఇంత కదిలి ఆగిపోయింది. అత్తమ్మా, నాకెంత సంతోషమైందో చెప్పలేను. నీ కంప్యూటర్ ఎట్లా చెడిందో అట్లాగే నాది చెడింది. అంటే తప్పు నీ చేతిలో లేదు, నా ఉత్తరంలో ఉంది.

రోజుకో తీగ తీసి చూస్తూ పోయాను. చివరికి బోర్డునే పైకెత్తి రేకు వైపు చూశాను. బోర్డుకు రంధ్రం లేనిచోట కూడా ఒక గుబ్బ ఉంది. దాని నెత్తి బోర్డు అడుగున ఉన్న అతుకులకు తగులుతోంది. లోపల కరెంటు అడ్డదారి పట్టగానే కరెంటు డబ్బా తనంతట తాను ఆగిపోతోంది. గుబ్బలన్నీ బిగించమని నీకు రాశాను చూడు, అదే తప్పు. రేకుకు రంధ్రాలు ఎక్కువ ఉంటాయి, అన్ని రకాల బోర్డులకూ పనికిరావాలని. మన బోర్డు రంధ్రం కిందికి వచ్చే గుబ్బలే ఉండాలి.

మిగిలినవి తీసెయ్. నా దాంట్లో తీసేశాను. తిరిగింది, కూసింది.

నీ బోర్డు కాలి ఉండదు, కాలితే వాసన వచ్చేది. ఈ ఉత్తరం దసరాలోపు అందాలని స్పీడ్ పోస్టు చేస్తున్నాను.

కన్యక


సిద్దిపేట,
13 అక్టోబరు 1997

నా తల్లీ కన్యకకు,

నీ ఉత్తరం సరిగ్గా దసరా నాడు అందింది. మిషన్లకు పూజ చేసి, కుంకుమ పెట్టి, ప్రెస్సు మూసే వేళకు, స్పీడ్ పోస్టని పండుగైనా పోస్టుమన్ వచ్చాడు. ఆ రోజు పనిముట్టు ముట్టరాదంటారు. నేను తలుపు దగ్గరికి వేసి స్క్రూడ్రైవర్ తీసుకున్నాను. ఉప్పలయ్య "ఇయ్యాల్ల గూడనా అమ్మా" అన్నాడు గాని, తను కూడా ఇంటికి పోలేదు.

నీ సంగతి తర్వాత రాస్తాను, ముందు ఇది విను. బోర్డు ఎత్తాము. నువ్వన్నట్టే రంధ్రం లేనిచోట రెండు గుబ్బలు. ఒకదాని నెత్తి మీద గీతలు పడి మెరుస్తోంది. రెండూ తీసేశాను. మళ్లీ అన్నీ బిగించి మీట నొక్కాను. ఫ్యాను తిరిగింది, ఆగలేదు. ఉప్పలయ్య రెండు చేతులు జోడించాడు.

కానీ ఒక్క కూత కాదు, ఆపకుండా కూస్తూనే ఉంది. తెర నల్లగానే ఉంది. నీకు రాద్దామనుకున్నాను. మళ్లీ నా ఉత్తరం పోవాలి, నీ ఉత్తరం రావాలి. కాదు, నేనే చూస్తానని కూర్చున్నాను. మీట తీసి, ప్లగ్గు తీసి, ఒక్కొక్కటీ వేలితో నొక్కుతూ పోయాను. పలకల్లో ఒకటి ఒక కొసన వెంట్రుకంత పైకి ఉంది. తీసి మళ్లీ దింపాను. టిక్కుమంది. మొదటిసారి ఆ చప్పుడు పైన తిరిగే ఫ్యాను మోతలో వినలేదేమో, విన్నాననుకున్నానేమో.

ఈసారి ఒకే కూత. తెర మీద తెల్లటి అక్షరాలు వచ్చాయి. ఫ్లాపీ దీపం మాత్రం ఆరకుండా వెలుగుతూనే ఉంది. ప్లగ్గు తీసి, డ్రైవు వైపు కొసలో తీగ ఎర్ర గీత అటువైపు తిప్పి పెట్టాను, ఆరింది. బోర్డు వైపుదే నువ్వు రాశావు, ఇది నేనే కనిపెట్టాను.

చార్టు చూసుకుంటూ మొదట మీ మామ పేరు కొట్టాను. కాశీనాథం అని వచ్చింది. ఉప్పలయ్య ముఖం తెరకు ఆనించి చూస్తూ, "అమ్మా, సక్కగ కనవడుతున్నయి" అన్నాడు. బతుకంతా సీసం మీద అద్దంలోలా తిరగబడ్డ అక్షరాలు చదివిన మనిషి. ఇంకా పెద్దగా చేయవచ్చు అని మీట నొక్కి, తాటికాయంత చేశాను. అతను కంటి పొరను మరిచిపోయి చదివాడు. "అయితే తప్పులు నేను పట్టుకుంట" అన్నాడు. "అందుకేగా నిన్ను ఉండుమంటున్న" అన్నాను. అతని ముఖం చూడాల్సింది నువ్వు.

చీకటి పడే వేళకు రాధాకిషన్ జమ్మి ఆకు పట్టుకొని వచ్చాడు. నా చేతిలో పెట్టి కాళ్లకు మొక్కి లేచాక తెర చూశాడు. అక్కడ అన్న పేరు ఉంది. ఆ అక్షరాలను వేలితో తాకి చూశాడు. తర్వాత "నా పేరు వస్తదా?" అన్నాడు. కొట్టాను. కింద దుకాణం పేరు, ఊరి పేరు కూడా కొట్టించుకున్నాడు. గోడ మాట ఎత్తలేదు. నేనే ఎత్తాను. "మేస్త్రికి వద్దని చెప్త తియ్యి వదినా" అన్నాడు.

ఇక నీ సంగతి. నువ్వు కట్టలేదని నాకు చెప్పలేదు, నేను ట్రెడిల్ అమ్మానని నీకు చెప్పలేదు. చెల్లుకు చెల్లు. నువ్వు ఎదురుగా కూర్చొని చూసిన దానితోనే నేను ఇక్కడ కంప్యూటర్ కట్టాను. చెడితే ఎందుకు చెడిందో అక్కడ కూర్చొని కనిపెట్టావు. ఇంజినీరు అని రాంచందర్ సారుకు చెప్పిన మాట నేను వెనక్కి తీసుకోను.

రాధాబాయి


బొంబాయి,
25 అక్టోబరు 1997

అత్తమ్మా,

నీ ఉత్తరం ఇశ్రాయేలుకు చదివి వినిపించాను. ఫ్లాపీ తీగ దగ్గరికి వచ్చేసరికి, "గది మేం నేర్చుకునేటందుకు నెల పట్టింది" అన్నాడు. రాత్రి బాపుకు, అమ్మకు కూడా చదివాను. ఇక దాచడం ఎందుకనిపించింది. బాపు మధ్యలో ఆపి, "అక్క కట్టిందా? మా అక్కనా?" అని రెండుసార్లు అడిగాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. తర్వాత ఆ ఉత్తరం తనే తీసుకొని మళ్లీ చదువుకున్నాడు.

ఆ ధైర్యంతో సేఠ్‌ను మూడోసారి అడిగాను. పాత బోర్డుతో నేను కట్టినదాన్ని చూపించాను. బాగుందన్నాడు. "కానీ గిరాకీవాళ్లు ఆడపిల్ల కట్టిందంటే నమ్మరు" అన్నాడు. ఏడవలేదు. నమ్మేవాళ్లు ఒక ఊళ్లో ఉన్నారని నాకు తెలుసు.

సంఘం వాళ్లు వచ్చిన రోజు కొట్టింది కొట్టినట్టు ఫ్లాపీలో దాచుకుంటూ ఉండు. కరెంటు పోతే దాచనిదంతా పోతుంది. మరిచిపోకు.

కన్యక


సిద్దిపేట,
20 నవంబరు 1997

చిరంజీవి కన్యకకు,

మరిచిపోయాను.

నిన్న రాంచందర్ సారు సంఘం వాళ్లను తీసుకొని వచ్చారు. వాళ్లలో జగదేవ్‌పూర్ బడి నడిపే ప్రమీలాదేవి కూడా ఉంది. ప్రెస్సు నిండిపోయింది. ఏడో తరగతి సాంఘికం పేపరు చేతిరాతలో ఇచ్చి, "కొట్టున్రి చూద్దాం" అన్నారు. రాధాకిషన్ అందరికీ కుర్చీలు వేయించి, తన దుకాణం వదిలేసి తలుపు దగ్గర నిలబడ్డాడు.

కొడుతూ పోయాను. ఇన్నాళ్లు సాధన చేశాను కదా, చార్టు అక్కర్లేదు. ఉప్పలయ్య పక్కన కూర్చొని తప్పు చెబుతున్నాడు. చివరి ప్రశ్న దగ్గర కరెంటు పోయింది. తెర నల్లబడింది. వెనక ఎవరో "అయిపాయె" అన్నారు. కరెంటు వెంటనే వచ్చింది గాని పేపరు లేదు. మొదటి అక్షరం నుంచి అంతా పోయింది.

"దాసిపెట్టలేదా అమ్మా?" అన్నారు రాంచందర్ సారు. లేదన్నాను. ఒకాయన లేచి చెప్పులు వేసుకుంటున్నాడు. నాకు సీసం అక్షరాలు గుర్తుకొచ్చాయి. పేర్చిన పేజీ చేజారి కిందపడితే, అక్షరాలు ఏరి గూళ్లలో వేయడానికే పూట గడిచేది. ఇక్కడ ఏరడానికేమీ లేదు. కూర్చోండి, చాయ్ తాగండి అన్నాను. రాధాకిషన్ చాయ్ తేవడానికి తనే పరుగెత్తాడు.

మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి ప్రశ్నలు నోటికి వచ్చేశాయి. ఉప్పలయ్య ముందుగా చదివి చెబుతుంటే నా వేళ్లు ఆగలేదు. ప్రతి ప్రశ్నకూ ఫ్లాపీలో దాచుతున్నాను. లేచినాయన చెప్పులు విడిచి నా వెనక్కి వచ్చి నిలబడ్డాడు. చాయ్ గ్లాసులు ఖాళీ కాకముందే పేపరు అయిపోయింది. స్టెన్సిల్ కొట్టి, సైక్లోస్టైల్ తిప్పి, తడి ఆరని పేపరు తలా ఒకటి చేతికిచ్చాను.

రాంచందర్ సారు చాలాసేపు చదివారు. "కరెంటు పోవుడే మంచిదైంది. లేకుంటె ముందుగాలనే కొట్టి పెట్టుకున్నరనుకుంటుంటి" అన్నారు. అర్ధసంవత్సరం, వార్షికం, రెండింటి పేపర్లూ మనకే ఇచ్చారు.

అంతటితో అయిపోలేదు. ప్రమీలాదేవి పెట్టె మూత తీయించుకొని లోపలంతా చూసింది. "గిది మీరే కట్టిన్రా అమ్మా?" అంది. నేను, నా మేనకోడలు కలిసి కట్టామన్నాను. "మా బడికి గూడ కావాలె. పిల్లల ముందల్నే కట్టాలె. ఆడపిల్లలు చూస్తరు" అంది. రాంచందర్ సారు తన బడికీ కావాలన్నారు. అందరూ పోయాక రాధాకిషన్ "నా దుకాణానికి ఒకటి అయితదా వదినా?" అని అడిగాడు.

నేను పేపర్లు చేయాలి, ఇవన్నీ కట్టడం నా ఒక్కదానితో కాదు. చిన్న ట్రెడిల్ జరిపిస్తే కిటికీ వైపు పెద్ద బల్ల పడుతుంది. మంచి వెలుతురు. ఆ బల్ల మీద బిల్లులు రాయాల్సిన పని లేదు. మీ బాపుకు వేరే ఉత్తరం రాశాను. వస్తావా?

రాధాబాయి


బొంబాయి,
7 డిసెంబరు 1997

అత్తమ్మకు,

వస్తున్నాను. ఈ నెల ఇరవైకి రైలు. బాపు తనే పోయి టికెట్ తెచ్చాడు. "అక్క దగ్గరికైతే నాకేం రంది లేదు" అన్నాడు. అమ్మ మాత్రం రెండు రోజులు మాట్లాడలేదు. నిన్నటి నుంచి పచ్చళ్లు కడుతోంది.

పని మానేస్తున్నానని సేఠ్‌కు చెప్పాను. సరేనన్నాడు. నిన్న శనివారం షాపు నిండా జనం. ఇశ్రాయేలు చుట్టాల పెండ్లికి ఊరికి పోయాడు. ఇంకో ఆయనకు జ్వరం. థానే నుంచి వచ్చిన ఒక డాక్టరు తన కంప్యూటర్ కోసం పొద్దున్నుంచి కూర్చొని, గొడవకు దిగాడు. సామానంతా బెంచీ మీద పరిచి ఉంది, కట్టేవాళ్లు లేరు.

నేను ఎవరినీ అడగలేదు. బిల్లుల దగ్గర నుంచి లేచి, పెట్టె రేకును ముట్టుకొని, బెంచీ ముందు కూర్చున్నాను. సేఠ్ ఏదో అనబోయి, డాక్టరు వంక చూసి ఆగిపోయాడు. బోర్డును రేకు మీద ఆనించి, ఏ రంధ్రం కిందికి ఏ గుబ్బ వస్తుందో ముందే చూసుకున్నాను. పలకలు దింపినప్పుడు చెవి దగ్గర పెట్టి టిక్కుమన్నాయా లేదా విన్నాను. ఫ్లాపీ తీగ సరిచూసుకున్నాను.

మీట నొక్కాను. ఒకే కూత. మొదటిసారికే తెర వెలిగింది.

డాక్టరు నాకు నమస్కారం పెట్టి, పెట్టె ఎత్తించుకొని పోయాడు. సేఠ్ వచ్చి బెంచీ పక్కన నిలబడ్డాడు. ఎవరు నేర్పారని అడిగాడు. మా మేనత్త అన్నాను. ఆమె ఏ కంపెనీలో ఇంజినీరు అన్నాడు.

"సిద్దిపేటలో, ఆమెదే కంపెనీ" అన్నాను.

జేబులోంచి కలం తీసి ఆ ఊరి పేరు మళ్లీ చెప్పమన్నాడు. నేనే రాసిచ్చాను. నా అక్షరం బాగుంటుంది కదా.

నీ
కన్యక